వేలు చూపిన పిందెలు

పెరట్లో సొరపిందెకు మనవరాలు వేలు చూపిస్తుంటే నాకు చిన్నప్పటి మట్టెవాడ ఇల్లు గుర్తుకొచ్చింది.

ఓ భాద్రపదంలో అక్కడ మా సొరపాదు నిండా పిందెలే. విత్తనాలిచ్చింది కోస్తా నుంచి వచ్చిన పక్కింటి అత్తమ్మ. "ఎంత ముద్దుగా ఉన్నాయే!" అని ఆవిడ మురిసిపోతుంటే, వేలు చూపితే పిందెలు కుళ్ళుతాయని నాయనమ్మ చెప్పింది మరచి, ఒక్కొక్కటే వేలుతో చూపించాను. వారంలో అన్నీ కుళ్ళి రాలిపోయాయి.

"ఆ కోస్తామె కండ్లల్ల మన్నువడ! ఇగ పెరట్లకు రానియ్యకు," అంది నాయనమ్మ అమ్మతో.

తప్పు నాదేననుకున్నాను. అయినా దెబ్బలకు భయపడి నోరు మెదపలేదు. మర్నాడు అత్తమ్మ వచ్చి, "పాదు ఎలా ఉందే, అమ్మాయ్?" అని పిలిస్తే తలుపు వెనకే నిలబడిపోయాను.

పిందెల్ని కుట్టింది ఈగలని పెద్దయ్యాక తెలిసింది. దీపం పెట్టినప్పుడల్లా ఆవిడ ఎక్కడున్నా చల్లగా ఉండాలని మొక్కుతాను. క్షమించమని మాత్రం దేవుణ్ణి అడగలేను. అది ఆవిడను అడగవలసిన మాట.