అవతలి ఒడ్డు ఏటిపాల

1957 సెప్టెంబరు 9, సోమవారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం, బడి గంట ఆరుకు ముందే మోగడం. కొడుతున్నది మాస్టారు కాదు, ఆయన భార్య. మలయాలో క్వాలా సెలంగోర్ దగ్గరి మా రబ్బరు తోటలో ఇంటింటికీ కబురు చేర్చడానికి ఆమెకు మరో దారి తోచలేదట. మా తెలుగు బడి మాస్టారు ఇక లేరు.

ఇది చదివే మీలో చాలామంది ఆయన దగ్గర ఓనమాలు దిద్దినవారే. బడి వదిలాక ఆయన చేసే పని మాత్రం తెలియకపోవచ్చు. తోట వెనక ఏటి ఒడ్డున ఒక అడవి చెట్టు ఉంది. మన పెద్దల ఊళ్లలో దాన్ని ఏటిపాల అంటారని, ఈ దేశంలో అది అరుదని చెప్పేవారు. వారానికోసారి దాని ముందు నిలబడి చిగురు, పూత, ఆకు రాలడం పుస్తకంలో రాసేవారు. అడవిలోని తిరుగుబాటుదారులతో సర్కారు పోరాడిన ఎమర్జెన్సీలో తోట ముళ్లకంచె గేటు మూసిన వారాల్లో "చూడలేదు" అని రాశారు. అలాంటి పేజీలు చాలా ఉన్నాయి.

"తెల్దని రాయడానికి సిగ్గెందుకే?" అనేవారు, శిష్యురాలిగా వెంట వెళ్లే నాతో.

బియ్యం అడవిలోని వాళ్లకు చేరుతుందేమోనని గేటు దగ్గర అందరినీ తడిమేవారు. ఒకసారి మలాయ్ కాపలావాడు ఆ పుస్తకం తిరగేశాడు. "అపా ఇని, చిక్‌గు?" ఇదేమిటి మాస్టారూ అని.

"పోకోక్ లా," చెట్టేనయ్యా అన్నారు మాస్టారు.

వారం వారం చూడటానికి అదేమైనా పారిపోతుందా అని వాడు నవ్వాడు. దారిలో మాస్టారు నాతో, "నేను పారిపోతానేమోనని అదే నన్ను సూత్తంది" అన్నారు.

ఆ చెట్టు మగది. పసుపు పూత పూస్తుంది, కాయదు. అయినా ఏటా కొన్నాళ్లు ఏటిపాల గింజలకుండే తెల్లని దూది గాలికి కొట్టుకొచ్చేది. అంటే ఆడచెట్టు అవతలి ఒడ్డున ఉండాలి. అక్కడికి వెళ్లడం నిషేధం. "దూది చూశాను. చెట్టు చూడలేదు" అని ఏళ్ల తరబడి రాశారు.

ఈ ఏడు నిషేధం తీసేశారు. అప్పటికే ఆయన మంచం పట్టారు. పోయిన నెల దూది రాగానే నన్ను పంపారు. పడవలో సగం దూరం వెళ్లాను. వాన పట్టింది, అవతల అంతా బురద. వెనక్కి వచ్చేశాను. ఆయన లేచి కూర్చుని ఎదురుచూస్తున్నారు.

"ఏటే పిల్లా, సూసినావా?"

"సూసినాను మాస్టారూ."

ఆడచెట్టు ఏటి వంపు దగ్గర నీటిమీదికి వాలి ఉందని, కొమ్మకొమ్మకూ తెల్లని పొగ చుట్టుకున్నట్టుందని చెప్పాను. ఆ మధ్యే మాటల మీద నాకు మోజు పుట్టింది. వాక్యం బాగా కుదిరింది. ఆయన అంతా రాసుకుని, చూసినవారు అన్నచోట నా పేరు పెట్టారు.

ఈ సాయంత్రం అందరూ వెళ్లాక మాస్టారమ్మ ఆ పుస్తకం నాకిచ్చారు. సింగపూరులో చెట్లను చదివే ఒకాయనకు పంపమని ఆయన చెప్పిపోయారట. నేను ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

"ఉండనీయే," అన్నారామె. "ఆకరికి ఆ ముక్క సూసుకునే నవ్వినారు."

"ఆయన రాతలో అబద్దం ఉండకూడదు మాస్టారమ్మా."

"ఇప్పుడు నువ్వెల్లి సూత్తే ఆయన సూసినట్టా ఏటి?" కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఆమె అలసిపోయారు, నేనూ అలసిపోయాను. చివరికి ఆమే అడిగారు: "ఏ గంటకి ఎల్తావు?"

ఆ వాక్యం మీద ఒకే గీత గీశాను, కింది మాటలు కనబడేలా. తప్పును చెరిపేయకూడదని నేర్పింది ఆయనే. పక్కన "చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను.

రేపు పొద్దున్న ఆరున్నరకు పడవవాడు వస్తానన్నాడు. ఈపాటికి దూది రాలిపోయి ఉంటుంది, ఆకును బట్టే పోల్చుకోవాలి. బురదలో దిగి వంపు దాకా నడుస్తాను. కొత్త పేజీ తీసి పెట్టుకున్నాను. తేదీ ఇంకా వేయలేదు, అవతలి ఒడ్డున నిలబడి వేస్తాను.