వలయం తెగితే ఎర్రగా వెలగాలి

మా మామకు ఒక నియమం ఉంది. మిల్లులో నెట్‌వర్క్ కేబులు ఏదైనా సరే, చుట్టూ తిరిగి వచ్చిన దాని రెండో కొసను తగిలించకూడదు. వలయం పూర్తికాకూడదు. ఆ నియమం తప్పని నేను ఇప్పటికీ అనను. కేబుళ్లను కలిపే పాత నెట్‌వర్క్ పెట్టెలకు అది సరైన నియమమే. నేను రాసిన ప్రోగ్రాముకు మాత్రం సరిగ్గా దానికి వ్యతిరేకమైనది కావాలి.

మామ మా అమ్మకు తమ్ముడు. సింగానల్లూరులో ఒక నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్. నేను తుడియలూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. మేము యంత్రాలను నడిపే కంట్రోలర్లు తయారుచేస్తాం. నా పని వాటి కెర్నెల్‌లో. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అన్నిటికన్నా అడుగున ఉండి, ఏ సందేశం ఎటు పోవాలో తేల్చే భాగం అది. అక్కడ తప్పు చేస్తే తెరమీద ఎర్రర్ కనిపించదు, మొత్తం యంత్రమే బిగుసుకుపోతుంది.

నేను రాసిన పద్ధతి చెప్పడానికి తేలిక. యంత్రాలన్నిటినీ ఒక వలయంలా కలుపుతాం. ప్రతి యంత్రం తన సందేశాన్ని రెండు కాపీలుగా చేసి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పంపుతుంది. ముందు చేరిన కాపీని అవతలి యంత్రం తీసుకుంటుంది, వెనక వచ్చినదాన్ని పారేస్తుంది. ఎక్కడైనా ఒక కేబులు తెగినా రెండోవైపు నుంచి కాపీ చేరుతుంది కాబట్టి ఏదీ ఆగదు.

రాయడం మాత్రం తేలిక కాలేదు. ఏది మొదటి కాపీ, ఏది రెండోది అని తెలియడానికి సందేశాలకు వరస సంఖ్యలు ఇవ్వాలి. ఒక యంత్రం ఆగి మళ్లీ మొదలైతే దాని సంఖ్యలు మళ్లీ మొదటి నుంచి వస్తాయి. మిగతావి వాటిని పాత కాపీలనుకుని పారేస్తాయి. అది బతికే ఉంటుంది, కానీ దాని మాట ఎవరూ వినరు. ఎంతసేపటికి ఒక పాత సంఖ్యను మరిచిపోవాలో తేల్చుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది. మా కంపెనీ యజమాని రోజూ వచ్చి, బయట రెడీగా దొరికే పెట్టె కొనేస్తే పోదా అనేవారు. పోదు అనేవాణ్ణి. ఆ పెట్టె లోపల ఏముందో మనకు తెలియదు, చెడితే మనం చేయగలిగింది ఉండదు అనేవాణ్ణి.

అన్నిటికన్నా నేను గట్టిగా పట్టుబట్టింది ఎర్ర దీపం కోసం. ఒక కేబులు తెగినా అంతా నడుస్తూనే ఉంటుంది కదా. అందుకే తెగిన సంగతి ఎవరికీ తెలియదు. రెండోది తెగిన రోజు సగం మిల్లు ఒక్కసారిగా మూగబోతుంది. కాబట్టి పక్క యంత్రం మాట ఒకవైపు నుంచే వినిపించి రెండోవైపు నుంచి రాకపోతే కెర్నెల్ వెంటనే ఎర్ర దీపం వెలిగించాలి. అలాగే రాశాను. బల్లమీద పరీక్షలు చేసేటప్పుడు కళ్లకు ఇబ్బందిగా ఉండి, దాన్ని ఆపడానికి ఒక సెట్టింగ్ కూడా పెట్టుకున్నాను.

మొదటిసారి పెట్టి చూడడానికి మామ మిల్లే ఒప్పుకుంది. కేబుళ్లు ఇంకా లాగుతుండగానే మిల్లు పెద్దలు చూడడానికి వచ్చారు. దీపాలన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. మా యజమాని నన్ను పక్కకు లాగారు. తమిళ ఊళ్లో ఉన్నా ఆయనదీ మాలాగే తెలుగు ఇల్లే. వాళ్ల కుటుంబానికి గాంధీపురంలో జవుళి షోరూము ఉంది. మరక ఉన్న చీరను మరక లోపలికి పోయేలా మడిచి చూపించడం చిన్నప్పటి నుంచి చూసిన మనిషి.

"తంబీ, కొత్త సామాను ఎర్రగా వెలిగితే ఎవుడు కొంటాడు? ఆపు."

"వైరు ఇంగా పూర్తిగా కలపలేదు సార్. అది నిజమే చెప్తాండాది."

"నిజం చెప్పేదానికి నేనుండాను గదా? సామానుకు ఏంటికి?"

నేను కదలలేదు. ఆయనే ఇంకొకడిని పిలిచి నా సెట్టింగ్‌తో దీపాలు ఆర్పించారు. మళ్లీ వెలిగించమని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, చూద్దాం అన్నారు.

కొన్ని నెలలు అంతా బాగా నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం పత్తి బేళ్ల బండి ఒకటి గోడకు రాసుకుని పోతూ ఒక కేబులును తెంపేసింది. ఒక్క కేబులే. ఏమీ కాకూడదు. కానీ సగం యంత్రాలు మిల్లు ఆఫీసు తెరమీద నుంచి మాయమై, ఆగిపోయాయి. మిల్లు నుంచి ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి తెగినదాన్ని బాగుచేసేశారు, యంత్రాలు మళ్లీ నడుస్తున్నాయి. నేను కేబులు వెంటే నడుచుకుంటూ వలయమంతా చూశాను. చివర ఒక మూల, ఊడదీసిన కొస ఒకటి చక్కగా చుట్టచుట్టి, నూలు పోగుతో పైపుకు కట్టి ఉంది. ఆ ముడి చూడగానే ఎవరిదో తెలిసింది. మా ఇంట్లో ఫ్యాను వైరుకూ అదే ముడి.

మామ దాచలేదు.

"నేనే కట్టినాను. ఇంగెవురు కడతారు? మీ కంపెనీ పిల్లోళ్లు రెండు కొసలూ కలిపి పెట్టి పోయినారు. నేను చూసినాను కాబట్టి సరిపోయింది, లేకుంటే మిల్లంతా పడుకునుండు."

"అది కలిపే ఉండాల మామా. నేను రాసిందే దానికోసం."

"ముందొకడు ఇదే మాదిరి చెప్పి కలిపినాడు. పొద్దుకూకే దాకా ఒక్క మిషనూ పలకలే. ఆ పొద్దు నేను పడిన తిట్లు మీ అమ్మకు చెప్తే చెవులు మూసుకుంటాది."

"నువ్వు తీసినాక అంతా నడిచిందా?"

"జోరుగా నడిచింది. తీసినా నడిచిందంటే అది అక్కరలేని వైరే గదరా?"

పాత పెట్టెల్లో వలయం పూర్తయితే సందేశాలు ఆగకుండా తిరిగి తిరిగి అన్నిటినీ ముంచేస్తాయి. ఆ దెబ్బ తిన్న ప్రతి మిల్లులోనూ ఎలక్ట్రీషియన్లు కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది ఒక కొసను వదిలేయడం. మామ తనకు తెలిసిన మంచి పనే చేశాడు. చేసినప్పుడు దీపం వెలిగి ఉంటే ఆగి, నన్ను పిలిచి ఉండేవాడు. వెలగలేదు.

మర్నాడు యజమాని నన్ను కూర్చోబెట్టారు.

"ఒక పేజీ రిపోర్టు రాయి. మిల్లు ఎలక్ట్రీషియన్ కేబులు పీకినాడు, మన సామాను మంచిదే అని. సంతకం పెట్టు."

ఆ పేజీ మిల్లుకు చేరితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పాతవాళ్లను తీసేసి కాంట్రాక్టు మనుషులను పెట్టడానికి అక్కడ కారణాలు వెతుకుతున్నారు. మామ ఆ వారమే ఇంట్లో కూర్చునేవాడు.

"రాయను సార్."

"మామ అనా?"

"మామ కాకపోయినా రాయను."

"సెరి, నీ కోడులో తప్పుండాది అని రాయి."

"అదీ రాయను. తప్పు లేదు."

"అయితే తప్పు ఎవురిదప్పా, దేవుడిదా?"

"దీపం ఆర్పినవాళ్లది."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. మిల్లు మేనేజరు ముందు నోరు మూసుకుని ఉండమని చెప్పి నన్ను వెంట తీసుకుపోయారు. మూసుకుంటానని నేను చెప్పలేదు.

మేనేజరు, మామ, మా యజమాని ముగ్గురూ ఉండగా నేను కంట్రోలర్ ముందు కూర్చుని దీపాన్ని మళ్లీ వెలగనిచ్చాను. వెంటనే ఎర్రబడింది. యంత్రాలన్నీ నడుస్తుంటే ఇది ఎందుకు వెలుగుతోందని మేనేజరు తమిళంలో అడిగారు. ఒంటికాలి మీద నడుస్తున్నాయి కాబట్టి అన్నాను. మామను ఆ కొస తగిలించమన్నాను.

మామ ముడి విప్పాడు. ఒక చేత్తో మెయిన్ స్విచ్ పట్టుకుని, రెండో చేత్తో కొస తగిలించి, కళ్లు చిట్లించి నిలబడ్డాడు. దీపం ఆరింది. ఏ యంత్రమూ ఆగలేదు.

"ఆగు, ఇంగా చూడాల," అన్నాడు. చూశాడు. తానే పీకాడు. ఎర్రగా వెలిగింది. మళ్లీ పెట్టాడు. ఆరింది. ఇంకోసారి పీకాడు.

"ఓహో. నన్ను చూసి అరుస్తాదా ఇది?"

"ఎవురు తీసినా అరుస్తాది మామా."

"ఆ పొద్దే అరిచుంటే నేను ఆ పొద్దే పెట్టేసుందును గదరా! ఏంటికి అరవలే?"

మేనేజరు కూడా అదే అడిగారు. మా యజమాని నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకు బాగానే తెలుసు. నేను తమిళంలో, మేనేజరుకు స్పష్టంగా వినపడేలా చెప్పాను. "దీపాన్ని ఆర్పింది మా కంపెనీయే. అమ్మేటప్పుడు బాగుండదని. ఈయన కేబులు తీయడం ఇక్కడి పాత పద్ధతి. అది తప్పని ఈయనకు చెప్పాల్సిన దీపం మా దగ్గర ఆగింది."

యజమానితోనే కారులో తుడియలూరు వచ్చాను. దిగేటప్పుడు, "నీ ఉద్యోగం ఉండాదో లేదో రేపు చెప్తాను," అన్నారు.

మర్నాడు ఆయన రాకముందే నేను ఆఫీసులో ఉన్నాను. దీపాన్ని ఆపే సెట్టింగును కెర్నెల్ నుంచి పూర్తిగా తీసేశాను. మార్పు పక్కన కారణం రాయాలి కదా. వలయం తెగితే దీపం వెలుగుతుంది, ఆపడానికి దారి లేదు, కావాలనే లేదు అని రాశాను. మా కంట్రోలర్లన్నిటికీ అదే పంపాను. ఆయన వచ్చి చదివారు. నన్ను ఉద్యోగం నుంచి తీయలేదు, ఎందుకంటే మిల్లువాళ్లు దీపంతోనే కావాలన్నారు. కెర్నెల్ పని మాత్రం తీసేసి, వెనక షెడ్డులో పంపుల పరీక్షకు వేశారు. రోజంతా నీళ్ల చప్పుడు. మామ ఉద్యోగంలోనే ఉన్నాడు.

నా చోట కొత్తగా చేరిన అమ్మాయి పోయిన వారం షెడ్డుకు వచ్చింది.

"అణ్ణా, ఇంకో మిల్లుకు చూపించాలంట. సార్ దీపం ఆర్పేదానికి స్విచ్ పెట్టమంటాండారు. ఎక్కడ పెట్టాల?"

"ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. చెప్పను."

"నేను వెతికి పెట్టనా?"

"వెతికితే దొరుకుతాది. తరువాత ఏ మిల్లులోనైనా సగం మిషన్లు పడుకుంటే, ఆ రిపోర్టులో ఎవురి పేరు రాయాలో కూడా నువ్వే వెతకాల."

ఆమె చేతిలోని లాప్‌టాప్ మూసింది.

"సెరి అణ్ణా. నాకు తెలీలేదు అని చెప్తాను."

"తెలీలేదు అని చెప్పొద్దు," అన్నాను. "పెట్టను అని చెప్పు."