జెండాకు రెండో వైపు

ఏడో తరగతిలో బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదని గట్టి నమ్మకంగా ఉండేది. భిలాయి క్యాంప్ 2లో బోర్డులు రాసే ఉస్తాద్ దగ్గర పనికి కుదిరి రెండేళ్లయినా ఆయన నా చేతికి అక్షరం ఇవ్వలేదు. రంగు పూత నాది, అక్షరాలు ఆయనవి. (పూత పూయడానికి చదువక్కర్లేదని మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు.) ఉస్తాద్ విజయనగరం సాయిబు. హిందీ, ఉర్దూ, తెలుగు ఒకే కుంచెతో రాసేవాడు.

గల్ఫ్ యుద్ధం ముగిసిన కొత్తలో సెక్టర్ 7లో ఒక బడివాళ్లు దేశదేశాల జెండాలు కావాలన్నారు. ఇరాక్ జెండా మీద మూడు నక్షత్రాల మధ్య అప్పుడే పచ్చటి రాత ఒకటి కొత్తగా చేరింది. ఉస్తాద్ పేపర్లోంచి కత్తిరించిన బొమ్మ నా ముందు పెట్టి, "ఇది నువ్వు రాయి. బాగొస్తే ఇకనుంచి బోర్డులూ నీవే" అన్నాడు.

"ఏటి రాసుంది ఉస్తాద్?"

"అల్లాహు అక్బర్. రోజూ అజాన్‌లో వింటావు కదరా."

వింటాను. విని, ఐదు పూటలా అక్బర్ బాదుషాని తలుచుకుంటున్నారు, ఎంత మంచి రాజో అని చిన్నప్పట్నుంచీ మురిసిపోతున్నాను కూడా. అదే చెప్పాను. (చరిత్రలో నాకు గుర్తున్న రాజు ఆయనొక్కడే.) ఉస్తాద్ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"రాజు కాదురా. అక్బర్ అంటే ఇంకా గొప్ప అని. దేవుడు ఇంకా గొప్పవాడు."

"దేనికన్నా?"

"అది సెప్పలేదు. ఖాళీగా వదిలేసారు. నువ్వేది తెచ్చి పెడితే దానికన్నా."

"మన స్టీలు ప్లాంటు చిమ్నీ కన్నా?"

"దానికన్నా."

"మా నాన్న కోపం కన్నా?"

"అదీ సూసాను. దానికన్నా కూడా."

ఊపిరి బిగబట్టి ఒక్కో వంపూ గీశాను. ఉస్తాద్ బాగుందన్నట్టు తలాడించి, గుడ్డ తిరగేశాడు. పల్చటి గుడ్డ, రంగు దిగిపోయి మాట తిరగబడి కనిపిస్తోంది.

"ఎనకనుంచి సూసేవాడి సంగతేటి?"

"అద్దం తెచ్చుకుంటాడు" అన్నాను.

నా జోకుకి ఆయన నవ్వకపోవడం అదే మొదలు. "నేను తల వంచే మాటరా అది" అని, అక్షరాల కుంచె పెట్టెలో పెట్టి మూసేశాడు.

నా బోర్డులు ఆ పెట్టెలోకి పోయాయి. ఆ జెండా ఇంటికి పట్టుకెళ్లి, ఇంకో గుడ్డ మీద అదే మళ్లీ వేశాను. రెండూ వీపు వీపు ఆనించి, మధ్యలో మందం గుడ్డ పెట్టి కుట్టమని అమ్మని అడిగాను.

"ఏట్రా ఇది?"

"దేవుడి మాటమ్మా. సాయిబులది."

"మరి గచ్చు మీదెట్టేసినావేటి?" అని చేతులు తుడుచుకుని తీసి, కళ్లకద్దుకుని, అప్పుడు మిషను ముందు కూర్చుంది.

ఉస్తాద్ జెండాని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, మిగతా వాటితో కట్ట కట్టేశాడు. తీరా ఆ బడికెళ్లి చూద్దుం కదా, జెండాలన్నీ వరసగా గోడకి పైఅంచున మేకులు కొట్టి పెట్టారు. నా రెండో వైపు సున్నం గోడకి అతుక్కుపోయింది. ఉస్తాద్ నన్ను చూసి, గోడని చూసి, "గోడ సదువుకుంటాదిలేరా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే కుంచె నా చేతిలో పెట్టాడు.

నాకిప్పుడు నవ్వొచ్చేది ఆ గోడ వల్ల కాదు. ఆ జెండా పక్కనే నిలబడి, ఎవరైనా చూస్తారేమోనని కింది అంచు పట్టుకుని మెల్లగా ఎత్తుతూ ఉన్న, లోకంలో తెలియని విషయం లేని ఆ తెలివైనవాడి వల్ల. ఒక్కరూ చూడలేదు. వాడు మాత్రం సాయంత్రందాకా ఎత్తుతూనే ఉన్నాడు.