కమిషనరు గారి ఆర్డరు

చేతులు జోడించడం ముక్తేశ్వరరావుకి ఇంకా సరిగ్గా రాలేదు. అరచేతులు కలిసేలోపే మడమలు అటెన్షన్‌లో కలిసిపోతాయి. నగర పోలీసు కమిషనరుగా ఉంటూ, రెండేళ్ల సర్వీసు మిగిలుండగానే రాజీనామా ఇచ్చి ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఇప్పుడు తెనాలిలో పార్టీ ఆఫీసు చూసుకుంటున్నాడు. కారు ఆగాక తలుపు ఎవరో తీస్తారని ఒక్క క్షణం కూర్చునే ఉంటాడు. గుర్తొచ్చాక తనే దిగుతాడు. ఖద్దరు చొక్కా మీద కూడా బొటనవేలు నడుము దగ్గర బెల్టు కోసం తడుముకుంటుంది.

ఆ ఉదయం దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసే జానీ బీ వచ్చింది. ఆమె కొడుకు ఇర్షాద్‌ని ఏదో దొంగతనం కేసులో అనుమానంతో నిన్న సాయంత్రం స్టేషనుకు తీసుకెళ్లారట, ఇంకా వదల్లేదట.

"మావాడు అట్టాంటోడు కాదు బాబూ. మీరొక్క మాట చెబితే కాదంటారా?"

ఆయన వెంటనే ఫోను చేశాడు. అవతల ఎస్సై ఒకప్పుడు ఆయన కిందే పనిచేసినవాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"నాయకులు ఫోను చేస్తే కేసు సంగతి మాట్లాడొద్దని ఆర్డరిచ్చింది మీరే కదండి. నేనింకా అదే పాటిస్తున్నాను సార్."

ముక్తేశ్వరరావు ఫోను బల్ల మీద పెట్టి, అంచుకు సమంగా సర్దాడు.

"ఏమన్నారు బాబూ?"

"మంచి ఆఫీసరమ్మా."

"మరి మావాడు?"

వచ్చిందగ్గర్నుంచీ ఆమె నిలబడే ఉందని ఆయన అప్పుడు గమనించాడు. లేచి కుర్చీ ముందుకు జరిపాడు.

జానీ బీ కూర్చోలేదు.