ముంగల్ భండారీ ముక్కు

మా ముంగల్ బావ ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్ని పెళ్లిళ్లకు వండాడో ఆయనకే లెక్క తెలియదు. మా తాతల తాతలు ఇండియా నుంచి ఓడల్లో వచ్చి స్థిరపడ్డ ఈ దీవిలో, పెనాల్ నుంచి డెబే దాకా, అటు బారక్‌పూర్ దాకా, ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా పెళ్లి చేయించే పండితుడి కంటే ముందు బావకు కబురు వచ్చేది. పెళ్లి వంట చేయించే పెద్దను మేము భండారీ అంటాం. పెరట్లో రేకుల పందిరి వేసి, ఇటుకల పొయ్యిల మీద ఇనప కడాయిలు ఎక్కించి, మూడు నాలుగు వందల మందికి పప్పు, అన్నం, గుమ్మడికాయ కూర, సెనగలు, మామిడికాయ కూర, పరాఠాలు చేయించి, అరిటాకుల్లా వెడల్పుగా ఉండే సొహారీ ఆకుల్లో వడ్డన చేయించడం ఆయన పని. నా పేరు లగన్. ఆయన భార్య దులారీ నాకు అక్క. ఇరవై ఏళ్లు ఆయన పక్కన నిలబడి గరిట తిప్పాను.

భండారీ వంట రుచి చూడకూడదు. మొదటి ఆకు దేవుడికి తీసి పెట్టేదాకా ఎవరి నాలుకా దానికి తగలకూడదు. తగిలితే కడాయి మొత్తం ఎంగిలి కింద లెక్క. అందుకని బావ అంతా ముక్కుతోనే చూసుకునేవాడు. ఆవిరి మీదికి వంగి, కళ్లు మూసుకుని ఒక్కసారి పీల్చి, "ఇంకో గుప్పెడు వెయ్యి" అనేవాడు. ఉప్పుకు వాసన ఏమిటని నన్ను అడక్కండి. ఆయనకు తెలిసేది, అంతే. మిగతా భండారీల్లో కొందరు పందిరి చాటుకు వెళ్లి వేలు నాకి వస్తారని నాకు తెలుసు. బావ చావనైనా చస్తాడు కానీ ఆ పని చేయడు. మాట తక్కువ మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆయన వండుతుంటే పందిట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కారు.

ఊళ్లన్నీ జ్వరాలతో మంచం పట్టిన ఏడాది బావకూ వచ్చింది. పది రోజులకు లేచాడు. లేచాక ఏమీ మారనట్టే ఉన్నాడు. రెండు నెలల తర్వాత ఒక పెళ్లిలో, పప్పు తాలింపుకు నూనె కాచి జీలకర్ర వేశాను. గింజలు నల్లబడి పొగ లేస్తున్నాయి. బావ ఆ పొగలోనే నిలబడి ఉన్నాడు. ఇంకా దించమని చెప్పడేం అని నేను ఆయన వైపు చూస్తుంటే, ఆయన నా వైపు చూస్తున్నాడు. ఆయనకు మాడు వాసన తెలియడం లేదు. కడాయి దించేసి ఆ నూనె మట్టిలో పారబోశాను. ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్కకు చెప్పకూడదు, కూతురు వశ్తికి అసలే చెప్పకూడదు. ముక్కు పోయిందని బయటపడితే, మరి ఇన్నాళ్లూ ఎలా వండాడని అడుగుతారు, నాలికతో చూసి ఉంటాడని తామే జవాబు చెప్పుకుంటారు. అప్పుడు ఆయన వండిన ప్రతి పెళ్లీ ఎంగిలి పెళ్లి అయిపోతుంది. అదీ ఆయన భయం. నేను ఒట్టు వేశాను. అప్పటి నుంచి ఆయన ముక్కు నేనే. ఆయన ఎప్పటిలాగే ఆవిరి మీదికి వంగేవాడు, నేను పక్కన నిలబడి వాసన చూసేవాణ్ణి. గరిటతో అంచు మీద ఒకసారి తడితే బాగుందని. రెండుసార్లు తడితే లేదని. అలా రెండేళ్లు నడిపించాం. ఒక్క మాట రాలేదు.

ఇంతలో వశ్తికి సంబంధం కుదిరింది. పిల్లాడు మంచివాడే. వాళ్లమ్మ ఇంద్రాణీ టీచర్‌తోనే వచ్చింది తంటా. ఆవిడ పదిహేను రోజులు ఇండియా చూసివచ్చి, అక్కడే పుట్టి పెరిగినట్టు మాట్లాడేది. మనం ఇక్కడ తినేది అసలైన ఇండియా తిండి కాదంటుంది, బెల్లం పాకంలా వండుతామంటుంది, పెళ్లికి శాన్ ఫెర్నాండోలో పంజాబువాళ్లు పెట్టిన రెస్టారెంటు నుంచి తెప్పిస్తే బాగుంటుందంటుంది. అక్క ముఖం మాడ్చుకుంది. వశ్తి అయితే ఎదురు చెప్పేసింది. తన పెళ్లికి నాన్నే వండాలని అది నాలుగేళ్లప్పటి నుంచీ అంటోంది. ఊళ్లో ఏ పెళ్లికి వెళ్లినా బావ కడాయి పక్కన నిలబడి, నా పెళ్లికి ఇంతకంటే పెద్దది పెట్టాలి అని బేరాలాడిన పిల్ల అది.

టీచర్ తెలివైనది. గొడవ పడలేదు. "మీరే వచ్చి చూడండి భండారీ గారూ. వంట బాగాలేదని మీ ముక్కు చెబితే నేను మళ్లీ ఆ ఊసే ఎత్తను" అంది. కాదంటే బావ భయపడ్డాడనుకుంటారు. సరేనన్నాడు. వాళ్లింటి నుంచి కారు దాకా నడుస్తూ నన్ను మోచేత్తో పొడిచి, నువ్వు పక్కన కూర్చోవాలి అన్నాడు. నాకేం దిగులు కలగలేదు. ఒకసారో రెండుసార్లో తట్టడం నా చేతిలో పనే కదా అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాం. టీచర్ తప్ప మాలో ఎవరమూ అలాంటి చోట అడుగు పెట్టలేదు. ఇంట్లో రోజూ తినేదాన్ని డబ్బిచ్చి బయట ఎవడు తింటాడని మా ధోరణి. తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు, చలి పుట్టించే ఏసీ. మీసాలాయన ఒకాయన వచ్చి అక్కను హిందీలో ఏదో అడిగాడు. మాకు హిందీ భజనల్లో తప్ప రాదు. అది గమనించి ఇంగ్లీషులో, ఇండియాలో మీది ఏ ఊరు అన్నాడు.

"పెనాల్" అంది అక్క.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. చేతికిచ్చిన జాబితా పుస్తకమంత ఉంది. బావ కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలు చదివి మూసేశాడు. అందులో మాకు తెలిసిన పేరు ఒక్కటి కనిపించింది, రోటీ. అక్క అదే చెప్పింది. మా దగ్గర రోటీ కొంటే లోపల కూర పెట్టి మడిచి ఇస్తారు. ఇక్కడ బుట్టలో ఉత్త రొట్టె ఒకటి వచ్చింది. అక్క దాన్ని తిరగేసి చూసి, "పాపం, కూర పెట్టడం మర్చిపోయినట్టున్నారు" అని నా చెవిలో అంది. వశ్తికి నవ్వు ఆగలేదు. ఆ రోజంతటిలో అది నవ్వింది ఆ ఒక్కసారే.

మిగతావి టీచరే చెప్పింది. వెన్న వేసిన మినప్పప్పు, పాలకూరలో పనీరు, కాల్చిన వంకాయ. గిన్నెలు బల్ల మీదికి వచ్చాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎక్కడున్నా సరే, బావ చూడందే మేము మొదలుపెట్టం. పప్పు గిన్నె మీద ఆవిరి లేస్తోంది. నిజం చెబుతున్నాను, ఆ వాసనకే నాకు నోరూరింది. రాత్రంతా నిప్పుల మీద ఉడికిన పప్పు అది. వండినవాడెవడో కానీ పని తెలిసినవాడు.

బావ పందిట్లో వంగినట్టే వంగాడు. కళ్లు మూసుకున్నాడు. పక్క బల్ల వాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. వశ్తి బల్ల గుడ్డ అంచు పిడికిట్లో పట్టుకుని తండ్రి వైపే చూస్తోంది, వద్దని చెప్పు నాన్నా అని ముఖమంతా రాసి ఉంది. నేను చెంచా తీసి గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టాను.

అబద్ధం ఆడాను. ఆ పిల్ల ముఖం చూశాక ఇంకోలా తట్టడం నా వల్ల కాలేదు. బావ పేరు నిలబడుతుంది, వశ్తి కోరిక తీరుతుంది, టీచర్ నోరు మూతపడుతుంది. ఒక్క తట్టుతో అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను.

బావ కదల్లేదు. పనీరు గిన్నె మీదికి వంగాడు. మళ్లీ రెండుసార్లు తట్టాను, ఈసారి కొంచెం గట్టిగా. ఆయన కళ్లు తెరిచి గిన్నె వైపు కాకుండా నా వైపు చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"బాగుంది. పెళ్లికి ఇదే చెప్పేద్దాం" అన్నాడు.

అక్క ఆ ఉత్త రొట్టె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. బావ మీసాలాయన్ను పిలిచి, మూడు వందల మందికి, మే నెల రెండో ఆదివారం, అని తనే చెప్పాడు. ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. వశ్తి తినకుండానే లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లి ఎంతకీ రాలేదు. అవి కడగడానికి అంతసేపు పట్టదు.

కారు దగ్గర ఆయన్ను పట్టుకున్నాను. ఆడవాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. "ఏం పనయ్యా ఇది? రెండుసార్లు తట్టాను కదా" అన్నాను.

"తట్టావు. అబద్ధం తట్టావు."

"నీకెలా తెలుసు?"

"నీ గొంతు గుటక వేసింది లగన్. ముక్కే పోయింది, కళ్లు పోలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఇవాళ నా మీద ప్రేమతో ఆడావు. రేపు పెళ్లినాడు పప్పు మాడినా, నేను బాధపడతానని బాగుందని తడతావు. నాకు తెలియదు. నా పిల్ల పెళ్లికి మూడు వందల మంది ముందు నేను ఎవర్ని నమ్మాలి?"

ఇంకెప్పుడూ అలా చేయనన్నాను. కాళ్లు పట్టుకుంటానన్నాను. అక్కకూ వశ్తికీ సంగతి చెప్పేద్దామన్నాను. ఒట్టు గుర్తు చేసి కారెక్కి కూర్చున్నాడు.

మా వైపు జనం ఊరుకుంటారా? ముంగల్ భండారీ వియ్యపురాలికి దాసోహమన్నాడన్నారు. వయసైపోయి బద్ధకించాడన్నారు. అక్క మంచం వేరే గదిలో వేసుకుంది. పెళ్లినాడు స్టీలు తట్టల్లో వంటలు వచ్చాయి, జనం వరసలో నిలబడి పెట్టించుకుని తిన్నారు, బాగుందనే అన్నారు. బావ కొత్త కుర్తా వేసుకుని కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పెళ్లిలో ఆయన చేతులు ఖాళీగా ఉండడం నేను అదే మొదటిసారి చూడటం.

అప్పగింతలప్పుడు వశ్తి ఏడవలేదు. తండ్రి ముందు ఆగి, "ఊరందరి పెళ్లికీ వండావు నాన్నా. నేనేం తప్పు చేశాను?" అంది. నేను నోరు తెరిచాను. బావ నా వైపు చూశాడు. మూసుకున్నాను. ఆ పూట నోరు మూసుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

తర్వాత ఆయన కడాయి ఎక్కించలేదు. వశ్తి రావడం తగ్గించేసింది, వచ్చినా అక్కతో మాట్లాడి వెళ్లిపోయేది. ఆయనకు షుగర్ ఉంది. వానల్లో పాదానికి పుండు లేస్తే గుడ్డ చుట్టుకుని తిరిగాడు. స్పర్శ లేదు, నొప్పి తెలియలేదు. కుళ్లుతున్న వాసన ఆయనకు ఎటూ రాదు. వేరే గదిలో పడుకునే అక్కకు ఆ వాసన తెలిసేసరికి కాలు నల్లబడింది. ఆస్పత్రిలో కాలు తీసేశారు, ఐదో రోజుకు మనిషే పోయాడు.

కర్మలు అయ్యేదాకా ఇంటివాళ్లం ఉప్పు ముట్టం. పదో రోజు మధ్యాహ్నం వశ్తి వంటింట్లో పీట మీద కూర్చుని, ఉప్పు లేని పప్పూ అన్నం కలుపుకుంటోంది. అక్క నిద్రపోతోంది. ఇక ఒట్టు ఎవరికోసం అనిపించింది. జ్వరం దగ్గర మొదలుపెట్టి, పొగలో నిలబడ్డ సంగతి, గరిట సంగతి, ఆ రోజు చెంచాతో నేను ఆడిన అబద్ధం, కారు దగ్గర ఆయన అన్న మాట, అంతా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా.

అది తిట్టలేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది.

"పది రోజులుగా చప్పిడి కూడు తింటున్నాను మామూ. గొంతులోంచి దిగుతూనే ఉంది కదా" అంది. "ఆ రోజు నాన్న ఉప్పు వేయడం మర్చిపోయి వండినా తినేదాన్ని. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.