మా ఇన్‌చార్జి గారు రాయొద్దన్న మాట

మా పత్రిక జిల్లా ఇన్‌చార్జి గారు పోయారని సోమవారం పొద్దున్న విలేకరుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఏ వార్త వచ్చినా ఇద్దరిని అడిగి ఖాయం చేసుకోవాలని మాకు నేర్పింది ఆయనే. ఆ రోజు నేను ఎవర్నీ అడగలేదు. ఆయన ఇక ఎన్నాళ్ళో ఉండరని నాలుగు నెలలుగా నాకు తెలుసు. ఆయన భార్యకు, మేమంతా అక్క అని పిలిచే ఆవిడకు, మాత్రం చివరి వారంలో తెలిసింది.

విలేకరి కావాలనుకునేవాళ్ళు కొందరైనా ఇది చదువుతారు గనక, ఆయన నేర్పిన మాటలు కొన్ని చెబుతాను. పాతపట్నం మండల విలేకరిగా శ్రీకాకుళం ఆఫీసుకు నేను మొదటిసారి పట్టుకెళ్ళిన వార్త పేజీన్నర ఉంది. ప్రమాదంలో ఎవరు పోయారో చివరి పేరాలో రాశాను. ఆయన కాగితం తిరగేసి, "ఒరే, ఇంటికి పరిగెత్తుకెళ్ళి మీ యమ్మకి ముందు ఏటి సెప్తావు? అదే ఇంట్రో, వార్తకి మొదటి మాట," అన్నారు. ప్రెస్‌నోట్ అంటే పెళ్ళి సంబంధం వాళ్ళు పంపిన ఫొటో అట, మనిషిని చూశాకే ఒప్పుకోవాలి. ఫలానా టైము దాకా వేయొద్దని ముందే ఇచ్చే వార్త ఎంబార్గో. దేవుడికి పెట్టేదాకా ముట్టుకోని పులిహోర అనేవారు దాన్ని. రాసింది తప్పని అవతలివాళ్ళు పంపే రిజాయిండర్‌ను దాచిపెడితే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది. పెన్ను క్యాప్ నములుతూ తిట్టేవారు. ఆ క్యాపులన్నీ చితికిపోయి ఉండేవి.

ఆఫ్ ది రికార్డ్ మాత్రం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఒకామె, రాయనని నా చేత మాట తీసుకుని, మేస్త్రీ ఆగడాలు చెప్పింది. పేరు రాయకపోతే చాలుననుకున్నాను. ఆమె వయసు, ఇద్దరు కూతుళ్ళు, కాలికున్న పుండు అన్నీ రాసేశాను. ఊరంతా పోల్చుకుంది. మేస్త్రీ ఆమెను పనికి పిలవడం మానేశాడు.

ఆయన నన్ను బస్సెక్కించి ఆమె గుమ్మం ముందుకు తీసుకెళ్ళారు. ఆమె నా వైపు చూడనే లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన తిట్టలేదు. ముందు మాట తీసుకుని చెప్పినదే ఆఫ్ ది రికార్డ్ అని, అంతా చెప్పేశాక రాయొద్దంటే అది మనల్ని కట్టిపడెయ్యదని మెల్లగా వివరించారు. ఆ తర్వాత ఎవరు రాయొద్దన్నా, ముందన్నారా వెనకన్నారా అని చూడకుండా నోరు కుట్టేసుకున్నాను. అంత భయం పట్టుకుంది నాకు.

నాలుగు నెలల కిందట ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతూ, కాలేయంలో గడ్డ ముదిరిపోయిందని డాక్టరు తేల్చేశాడని చెప్పారు. చెప్పడం అయ్యాకే, "ఇది ఆఫ్ ది రికార్డ్ రా. మీ అక్కకి తెలీకూడదు," అన్నారు. సరే సార్ అన్నాను.

చెప్పిన వరస గుర్తొచ్చింది ఆయన పోయాకే. ముందు చెప్పి, తర్వాత మాట తీసుకున్నారు, అంటే ఆయన లెక్కన అది నన్ను కట్టిపడెయ్యదు. జీవితమంతా మాకు ఆ తేడా నేర్పిన మనిషి అది మరిచిపోయారా, నేను చెప్పేస్తే బాగుండునని లోపల అనుకున్నారా? అడగడానికి ఆయన లేరు.

పదో రోజు కార్యం అయ్యాక అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. ఎప్పటినుంచి తెలుసని అడిగింది. చెప్పాను. నాలుగు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది. గోడకు చేరబడింది.

"నాకు వారమే దొరికింది. నువ్వు నాలుగు నెల్లు ఉంచేసుకున్నావు," అంది. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ నాలుగు నెల్లూ నీతో ఏటేటి మాటాడినారో అన్నీ సెప్పు. ఒక్కటీ ఇడిసీకు."

చెప్పాను. నాగావళి వంతెన మీద బండి ఆపించి నీళ్ళు చూడడం చెప్పాను. ఆవిడ చేసే నెత్తళ్ళ చేపల పులుసు ఇంకెవరికీ రాదని అన్నది చెప్పాను. ఒక్కసారైనా ఆవిణ్ణి పూరీ యాత్రకు తీసుకెళ్ళాలని అన్నది చెప్పాను. ఆ మాటకు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకా?" అంది.

కొత్త విలేకరి రాత మీద విసుక్కున్నది కూడా చెప్పాను. నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అక్క స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుని నా నోటివైపే చూస్తూ ఉంది.