చెయ్యి చాపితేనే గాజు

భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్లలో రషీదా బేగం గొంతు వినబడితే చాలు, ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. అందరిలాగా "గాజులమ్మా గాజులు" అని ఆమె ఎన్నడూ అరవలేదు. "ఎవల చేతులు బోసిపోయినయే!" అని అరిచేది. ఆ మాటంటే ఏ ఇల్లాలికి కోపం రాదు? తిట్టడానికైనా బయటికి వచ్చేవాళ్లు. వచ్చాక అరడజను తొడిగించుకోకుండా లోపలికి పోయేవాళ్లు కాదు.

ఆమె పుట్టిల్లు కురవి. వీరభద్రుడి జాతరలో తండ్రి గాజుల దుకాణం పెట్టేవాడు. సాయెబు తొడిగిన గాజులతో వీరన్న దర్శనానికి పోవడం అక్కడ ఎవరికీ వింత కాదు. తండ్రి ఆమెకు ఆస్తిపాస్తులేమీ ఇవ్వలేకపోయాడు గానీ ఒక మాట ఇచ్చాడు. గాజు విడిగా అమ్మొద్దు, చెయ్యి చాపితేనే తొడగాలి. తొడిగేటప్పుడు పగిలితే నష్టం మనది. తొడిగాక ఆ చెయ్యి చల్లగా ఉండాలని కోరుకోవడం కూడా మన పనే. భర్త హఫీజ్, పసివాడైన కొడుకు ఉమర్‌నూ ఆమెనూ వదిలేసి షోలాపూర్‌లో ఇంకో కాపురం పెట్టినప్పుడు, రషీదాకు మిగిలినవి ఆ మాటా, భుజాన గాజుల మలారమూ. ఆ రెంటితోనే కొడుకును పెంచింది.

చెయ్యి పట్టుకుంటే ఆడవాళ్లు నోరు విప్పుతారు. గాజు మణికట్టు దాటేలోపు అత్త పోరు, మొగుడి తాగుడు, పొయ్యి మీది బాధలన్నీ బయటపడతాయి. అలా చెయ్యి పట్టుకునే, రషీదా అదే వాడలోని సమ్మక్కకు అక్క అయింది. సమ్మక్క భర్త యాకయ్య గనిలో బదిలీ కార్మికుడు, ఇంకా పర్మినెంట్ కాలేదు. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు లేరు. గొడ్రాలని పొద్దున్నే ఎదురు రాకుండా తప్పుకునేవాళ్లు ఆ వాడలోనే ఉన్నారు. దవాఖానకూ, దర్గాకూ, గుడికీ సమ్మక్క వెంట తిరిగింది రషీదాయే. చివరికి ఆమె నెల తప్పినప్పుడు ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు.

"ఏడో నెలల నీ శ్రీమంతానికి మోచేతి దాక గాజులు నేనే తొడుగుత చెల్లె. ఇంకెవల్నీ ముట్టనియ్యకు" అంది రషీదా. చార్మినార్ దగ్గరికి పోయి, బంగారు గీతల పచ్చ గాజులు ఏరి మరీ తెచ్చి, సమ్మక్కకు చూపించి, పాత దుప్పట్లో చుట్టి దాచింది.

సమ్మక్కకు ఏడో నెల రాబోతుండగా సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గు ఆగేసరికి కరెంటు కూడా ఉండీ ఉండీ పోయేది. గాజుల బేరం ఎటూ లేదు. రషీదా రోజూ ఆడవాళ్ల టెంటు కింద ముందు వరసలో కూర్చునేది. సినిమాల్లో తమ యాసను వెక్కిరించిన వాళ్ల మీద, తమ పిల్లల నౌకరీలు తన్నుకుపోయిన వాళ్ల మీద ఆమెకు ఒళ్లంతా మంటే. తెలంగాణ వస్తే ఉమర్‌కు కొలువు వస్తుందన్నది ఆమె గట్టి నమ్మకం. ఉమర్ అప్పటికే యువకుల జట్టుకు పెద్ద. కొడుకు మైకు పట్టుకుంటే తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

ఒకరోజు హనుమకొండ నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చి స్త్రీల హక్కుల మీద మాట్లాడింది. ఇంటి చాకిరీకి విలువ కట్టే వాళ్లు లేరనీ, సమ్మెలో సకల జనులూ పని ఆపారు గానీ పొయ్యి దగ్గరి ఆడది ఆపలేదనీ చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత ఆమె గాజులు కూడా సంకెళ్లే అంది. రషీదా ఊరుకుంటుందా? "గవి సంకెళ్లయితే నేను జైలు పోలీసునా మేడం?" అని అడిగేసింది. టెంటంతా నవ్వింది. ఆ మేడం కూడా నవ్వింది, మంచి మనిషి. అయితే రషీదాను ఆ మాట ఇంటికి పోయినా వదల్లేదు.

దసరా ముందు ఒక సాయంత్రం ఉమర్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. తల్లీకొడుకులు ఇంట్లో దక్కనీ ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకునేవాళ్లే గానీ, దోస్తుల ముందు ఉమర్ తెలుగే మాట్లాడాడు.

"అమ్మీ, జర గాజులు కావాలె. ఎవడో దొంగచాటుగా డ్యూటీకి పోతుండు. రేపు గేటు కాడ వానికి గాజులు, చీర పెడ్తం."

"ఏం సైజు?" అంది అలవాటుగా.

"సైజెందుకు? తొడిగేటియి గాదు, మెడల ఏసేటియి!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. రషీదా కూడా నవ్వింది. సమ్మెను పొడిచేవాడికి ఆ మాత్రం సిగ్గు తెలియాలనే అనుకుంది. బస్సులు లేక సరుకు రాలేదు. మలారంలో ఉన్నవి చిన్నపిల్లల గాజులే. ఇంట్లో పెద్దవంటే దుప్పట్లో చుట్టినవే. బస్సులు తిరిగితే మళ్లీ తెచ్చుకోవచ్చని సర్దిచెప్పుకుని తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఎవరి కోసమని అడగలేదు. తండ్రి మాట గుర్తు రాలేదా అంటే వచ్చింది. కొడుకు ముఖం చూసి దాన్ని పక్కకు నెట్టింది.

మరునాడు టెంటు ఆడవాళ్లతో కలిసి తనూ గేటు దగ్గరికి పోయింది. షిఫ్టు దిగి వచ్చిన మనిషిని గుంపు చుట్టుముట్టింది. "ఆడిదాని కంటె అన్యాయం!" అని కేకలు లేచాయి. ముఖం కనబడకముందే రషీదా అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. గుంపు కాస్త పక్కకు జరిగింది. భుజాల మీద ఎవరిదో పాత చీర, మెడలో దారానికి గుచ్చిన పచ్చ గాజుల దండ, బొగ్గు మసి మీద చెమట చారలు. యాకయ్య. తల వంచుకుని నిలబడ్డాడు. హాజరు మస్టర్లు తగ్గితే బదిలీవాణ్ని ఉంచరన్న భయంతో, పుట్టబోయే బిడ్డను తలుచుకుని, లోపలికి దిగాడట. రషీదా చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

మూడు రోజులు ఆ వీధి వైపు పోలేదు. నాలుగోనాడు శ్రీమంతానికి పెట్టుకున్న రోజని తెలిసి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ఎర్ర గాజులతో గుమ్మంలో నిలబడింది. పేరంటాళ్లు లేరు, పసుపు కుంకుమల పళ్లెం లేదు. సమ్మక్క నిండు కడుపుతో లేచి, గూట్లోంచి ఆ దండ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"గివి నీయే గద అక్కా."

"నీ మొగనికని తెల్వదు చెల్లె. అల్లా తోడు."

"వేరేటోని మొగనికైతే మంచిదేనా?"

రషీదా ఎర్ర గాజులను కొంగు చాటుకు లాక్కుంది.

"మా ఆయనను ఆడిదాన్ని జేసిన్రట. గదే పెద్ద శిక్షట" అంది సమ్మక్క. గొంతు పెంచలేదు. "ఆడిదంటె అంత తక్కువనా అక్కా? మరి నేనేంది? రేపు నా కడుపుల ఆడపిల్ల ఉంటె, అది పుట్టుడే తిట్టా?"

రషీదా చెయ్యి ముందుకు చాచింది. సమ్మక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మణికట్ల మీద ఒక్క గాజు లేదు. మొగుడు బతికుండగా బోసి చేతులు. రషీదా తిరిగి వస్తూ దారి పొడుగునా ఏడ్చింది.

వారం తిరక్కుండానే ఉమర్ మళ్లీ అడిగాడు. ఈసారి ఇంకెవరో గుమాస్తాకట.

"చెయ్యి చాపు" అంది రషీదా.

"నాకెందుకమ్మీ?"

"మా నాయిన విడి గాజులు అమ్మొద్దన్నడు. నీకు కావాలంటె తొడుగుత, తొడుక్కొని పో. గాజుల చేతులతోనే నిన్ను సాదిన. గవి సిగ్గయితె నువ్వు తిన్న బువ్వ గూడ సిగ్గే."

దోస్తుల ముందు ఉమర్ ముఖం నల్లబడింది. "ఉద్యమం కంటె నీకు గాజులెక్కువయ్యినయా?" అని విసురుగా పోయి గాజులు ఇంకెక్కడో తెచ్చుకున్నాడు.

ఆమె ఊరుకోలేదు. టెంటులో మైకు అడిగి తీసుకుంది. "మేము దినాం ఈడ కూసుంటున్నం. గాజులు తొడుక్కొనే కూసుంటున్నం. మరి మేం పిరికోళ్లమా? పిరికోళ్లమైతె మమ్ముల ఎందుకు కూసోబెట్టిన్రు?" ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. వెనక ఎవరో ఒకామె చప్పట్లు కొట్టబోయి చుట్టూ చూసి ఆగింది. పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ మైకు తీసుకున్నాడు. "అక్క బాధ న్యాయమే. ముందుగాల తెలంగాణ రానియ్యుర్రి, ఆడోళ్ల ముచ్చట ఎనుక చూసుకుందం" అన్నాడు. మర్నాటి నుంచి ఆమె పక్కన కూర్చునే వాళ్లు తగ్గారు. ద్రోహి అనే మాట ఆమె చెవిన పడేటట్టే అన్నారు. అయినా ఆమె టెంటుకు పోవడం మానలేదు. తెలంగాణ ఒక్క వాళ్ల నాయిన సొమ్మా?

సమ్మె ముగిసింది. యాకయ్య మాత్రం గని వైపు తలెత్తుకుని నడవలేక పని మానేసి, భార్యను తీసుకుని కాటారం దగ్గర తన ఊరికి వెళ్లిపోయాడు. ఆడపిల్లే పుట్టిందని తెలిసింది. రషీదా ఏటా బస్సెక్కి పోయేది. సమ్మక్క మంచం వేసేది, మంచినీళ్లు ఇచ్చేది, వానల గురించీ వరి గురించీ మాట్లాడేది. చెయ్యి మాత్రం చాపేది కాదు. బోసి చేతులు చూసి ఆ ఊరి వాళ్లు ఏమనుకుంటారో ఆమె పట్టించుకోలేదు.

రాష్ట్రం వచ్చిన వేసవిలో రషీదా అదే పాత రకం, బంగారు గీతల పచ్చ గాజులు తీసుకుని పోయింది. "తెలంగాణ వచ్చింది చెల్లె. ఇప్పుడన్న చాపు" అని బతిమాలింది.

సమ్మక్క గాజుల వైపు చూసింది. "నీ కొడుకు చేతికి తొడిగినవా అక్కా?"

"వాడు చాపలే."

"చాపిన నాడు రా. గప్పుడు నేను గూడ చాపుత."

రషీదా ఇంటికి చేరేసరికి ఉమర్ సంబరాల నుంచి అప్పుడే వచ్చాడు. ఒళ్లంతా గులాల్ రంగు, మెడలో కండువా. తల్లి మలారం విప్పి అతని ముందు కూర్చుంది.

"చెయ్యి చాపు బేటా."

అతనికి అర్థమైంది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "తెలంగాణ వచ్చింది గదమ్మీ. ఇంక గా ముచ్చటెందుకు?"

"తెలంగాణ వచ్చింది బేటా. సమ్మక్క చెయ్యి రాలే."

ఉమర్ లేచి గులాల్ కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నీళ్ల చప్పుడు ఆగాక కూడా చాలాసేపు లోపలికి రాలేదు. రషీదా మలారం కట్టలేదు. పచ్చ గాజులు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.